పాఠం 14: మోటారు సైకిలు బ్యాటరీ, స్టార్టింగ్ లోపాలు

14.1 పరిచయం

పనికి బయలుదేరే వేళ బండి మీద కూర్చుని తాళం తిప్పుతారు. సెల్ఫ్ బటన్ నొక్కుతారు. ‘టిక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతుంది. ఇంజన్ కదలదు. అప్పుడు చాలామంది అనే మాట ఒక్కటే: “బ్యాటరీ పోయింది, కొత్తది వేయించాలి.”

ఈ మాట కొన్నిసార్లు నిజమే. కాని అన్నిసార్లూ కాదు. వదులుగా ఉన్న ఒక బోల్టు, కాలిపోయిన ఒక ఫ్యూజు, ఛార్జింగ్ అందకపోవడం – వీటిలో ఏది జరిగినా బండి ఇదే విధంగా మొరాయిస్తుంది. అసలు లోపం గుర్తించకుండా బ్యాటరీ మార్చితే డబ్బు పోతుంది. లోపం మాత్రం బండిలోనే ఉంటుంది. కాబట్టి ముందు పరీక్ష, తర్వాత మరమ్మతు, చివరగా మార్పిడి – ఈ వరుసను అలవాటు చేసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• బ్యాటరీ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• సెల్ఫ్ నొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి లోపం ఎక్కడుందో ఊహించగలుగుతారు.
• మల్టీమీటరుతో బ్యాటరీని, ఛార్జింగ్‌ను పరీక్షించగలుగుతారు.
• బ్యాటరీ బాగున్నా ఇంజన్ స్టార్ట్ కాకపోవడానికి కారణాలు చెప్పగలుగుతారు.
• బ్యాటరీతో పనిచేసేటప్పుడు తగిన జాగ్రత్తలు పాటించగలుగుతారు.

14.3 ఒక ఉదాహరణ

సూరత్ నగరంలో రింగ్ రోడ్ బట్టల మార్కెట్లకు పేరు పొందింది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన చేనేత కుటుంబాలు ఎన్నో సూరత్‌లో మరమగ్గాల మీద, బట్టల వ్యాపారంలో పనిచేస్తూ స్థిరపడ్డాయి. అలాంటి కుటుంబానికి చెందిన ఒక యువకుడిని ఊహించుకోండి. చీరల నమూనాలు బండి మీద పెట్టుకుని లింబాయత్ నుంచి రింగ్ రోడ్‌కు వస్తాడు. ఒక మార్కెట్ నుంచి మరో మార్కెట్‌కు తిరుగుతాడు. రోజుకు ఇరవై ముప్పై సార్లు బండి ఆపి, మళ్ళీ సెల్ఫ్ నొక్కుతాడు. ఒకరోజు బండి కదలలేదు. నెట్టుకుంటూ దగ్గరలోని తెలుగు మెకానిక్ దగ్గరకు వెళ్ళాడు.

“అన్నా, బండి స్టార్ట్ అయితలేదు. బ్యాటరీ పోయినట్టుంది. కొత్తది వెయ్యి.”
“ఆగు తమ్మీ. పోయిందని ఎట్ల తెలిసింది నీకు?”
“సెల్ఫ్ కొడితే టిక్కు మంటుంది, అంతే.”
“హారన్ మోగుతుందా?”
“మోగుతుంది. లైటు గూడ మంచిగనే వస్తుంది.”
“మరి లైటుకు వచ్చిన కరెంటు సెల్ఫ్‌కు ఎందుకు వస్తలేదు? అది చూసినంక బ్యాటరీ సంగతి మాట్లాడుదం.”

మెకానిక్ అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పగలరా? ముందుకు చదవండి.

14.4 బ్యాటరీ పనిచేసే తీరు

మోటారు సైకిళ్ళలో ఎక్కువగా వాడేది సీసం–ఆమ్లం బ్యాటరీ. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో దీన్ని కనుగొన్నాడు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్క సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు సెల్లులు కలిస్తే సుమారు 12.6 వోల్టులు అవుతుంది.

సెల్‌లో ధన పలక మీద సీసం డయాక్సైడ్, రుణ పలక మీద సీసం ఉంటాయి. రెండూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. బ్యాటరీ నుంచి కరెంటు తీసుకున్నప్పుడు రెండు పలకల మీద సీసం సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేసినప్పుడు ఈ మార్పు తిరిగి వెనక్కు జరుగుతుంది.

అయితే ఒక హద్దు ఉంది. ఛార్జి తగ్గిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీది సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అది మళ్ళీ కరగడం కష్టం. దీన్నే సల్ఫేషన్ అంటారు. ఊరికి వెళ్ళి నెల తర్వాత వచ్చేసరికి బండి మొరాయించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

14.5 సెల్ఫ్ స్టార్టర్ వలయం

బొటనవేలితో మనం నొక్కే బటన్ ద్వారా స్టార్టర్ మోటారుకు నేరుగా కరెంటు వెళ్ళదు. బటన్ ద్వారా వెళ్ళే చిన్న కరెంటు స్టార్టర్ రిలే అనే భాగాన్ని పనిచేయిస్తుంది. రిలేలోని స్విచ్ మూసుకుని, బ్యాటరీ నుంచి లావుపాటి తీగ ద్వారా మోటారుకు పెద్ద కరెంటు వెళుతుంది. మనకు వినిపించే ‘టిక్’ శబ్దం ఈ రిలేదే. అంటే ‘టిక్’ వినిపించిందంటే బటన్, దాని తీగ, రిలే చుట్ట పనిచేస్తున్నాయని అర్థం.

ఇప్పుడు మెకానిక్ ప్రశ్నకు వద్దాం. 5 వాట్ల వెనుక లైటుకు 12 వోల్టుల వద్ద 0.4 ఆంపియరు కరెంటు చాలు. స్టార్టర్ మోటారుకు పదుల ఆంపియర్లు కావాలి. టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుని అక్కడ 0.05 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి.

లైటు వెలిగినప్పుడు తగ్గే వోల్టేజి = 0.4 × 0.05 = 0.02 వోల్టు
మోటారు 50 ఆంపియర్లు లాగినప్పుడు తగ్గే వోల్టేజి = 50 × 0.05 = 2.5 వోల్టులు

లైటుకు ఈ నష్టం తెలియనే తెలియదు. మోటారుకు మాత్రం ఐదో వంతు వోల్టేజి దారిలోనే పోతుంది. అందుకే లైటు బాగా వెలిగినంత మాత్రాన సెల్ఫ్ తిరగాలని లేదు. లైటు, హారన్ పనిచేయడం బ్యాటరీ బాగుందనడానికి పూర్తి రుజువు కాదు. సెల్ఫ్ తిరగకపోవడం బ్యాటరీ పోయిందనడానికీ రుజువు కాదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. 12 వోల్టుల బ్యాటరీలో ఎన్ని సెల్లులు ఉంటాయి?
2. సల్ఫేషన్ అంటే ఏమిటి?
3. ‘టిక్’ శబ్దం ఏ భాగం నుంచి వస్తుంది?

14.6 శబ్దాన్ని బట్టి లోపాన్ని గుర్తించడం

పనిముట్లు చేతపట్టే ముందు కళ్ళు, చెవులు ఉపయోగించండి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హెడ్‌లైటు వేసి, సెల్ఫ్ బటన్ నొక్కి గమనించండి.

(అ) ఏ శబ్దమూ లేదు, లైట్లు కూడా లేవు: ముందు మెయిన్ ఫ్యూజు చూడండి. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ళు, తాళం స్విచ్ చూడండి. ఫ్యూజు కాలిపోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. రాగి తీగ, సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టకూడదు. అలా చేస్తే తర్వాతి షార్ట్ సర్క్యూట్‌లో కాలేది ఫ్యూజు కాదు, వైరింగే.

(ఆ) శబ్దం లేదు, లైట్లు బాగున్నాయి: కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. సైడ్ స్టాండు తీసి, క్లచ్చి పట్టి మళ్ళీ నొక్కండి. సైడ్ స్టాండు వేసి ఉన్నా, క్లచ్చి పట్టకపోయినా స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్‌లు చాలా బండ్లలో ఉన్నాయి. అవన్నీ సరిగ్గా ఉంటే బటన్‌ను, రిలేకు వెళ్ళే సన్నని తీగను పరీక్షించండి.

(ఇ) ఒక్క ‘టిక్’, లేదా వరుసగా ‘టిక్ టిక్ టిక్’. లైటు మసకబారుతుంది: బ్యాటరీలో ఛార్జి తక్కువగా ఉంది, లేదా టెర్మినల్ దగ్గర నిరోధం ఉంది.

(ఈ) ఒక్క ‘టిక్’. లైటు ఏమాత్రం మసకబారలేదు: మోటారుకు కరెంటు చేరడం లేదు. రిలే లోపలి స్విచ్, మోటారు తీగ, మోటారులోని కార్బన్ బ్రష్‌లు చూడాలి.

(ఉ) మోటారు గిర్రున తిరుగుతుంది, ఇంజన్ తిరగదు: లోపం స్టార్టర్ క్లచ్‌లో ఉంది. ఇది బ్యాటరీ లోపం కాదు.

(ఊ) ఇంజన్ చక్కగా తిరుగుతుంది, అందుకోదు: పెట్రోలు, ప్లగ్గు వైపు చూడాలి (14.9 చూడండి).

14.7 బ్యాటరీని పరీక్షించడం

అన్నిటికన్నా ముందు టెర్మినళ్ళు చూడండి. దీనికి ఖర్చు లేదు. చేత్తో కదిపినప్పుడు తీగ కదలకూడదు. తెల్లని లేదా పచ్చని పొడి ఉంటే టెర్మినళ్ళు విప్పి, వేడినీళ్ళలో కొద్దిగా వంట సోడా కలిపి కడిగి, తుడిచి, ఎమరీ కాగితంతో రుద్ది బిగించండి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా చూడండి. బిగించిన తర్వాత పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి.

తర్వాత మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల స్థాయిలో పెట్టండి. బండి అప్పుడే ఆపి ఉంటే హెడ్‌లైటును ఒక నిమిషం వెలిగించి ఆర్పి, కొద్దిసేపు ఆగి కొలవండి. లేకపోతే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్ర తీగను ధన టెర్మినల్‌కు, నల్ల తీగను రుణ టెర్మినల్‌కు తాకించండి.

12.6 వోల్టులు, అంతకు మించి – పూర్తి ఛార్జి
12.4 వోల్టులు – సుమారు ముప్పావు ఛార్జి
12.2 వోల్టులు – సుమారు సగం ఛార్జి
12.0 వోల్టులు, అంతకు తక్కువ – వెంటనే ఛార్జి చేయాలి
ఛార్జి చేసినా 10.5 వోల్టుల దగ్గరే ఆగితే – ఒక సెల్ పోయినట్లు భావించాలి

చివరి అంకె ఎలా వచ్చిందో గమనించారా? ఐదు సెల్లులు × 2.1 = 10.5.

ఇది చాలదు. సెల్ఫ్ నొక్కుతూ కూడా అంకె చూడాలి. నొక్కినప్పుడు వోల్టేజి తగ్గడం సహజం. పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీలో అది సుమారు 9.6 వోల్టుల కన్నా కిందికి పోతే బ్యాటరీ బలహీనపడిందని అర్థం. ఒకేసారి ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ నొక్కకండి. మళ్ళీ నొక్కే ముందు కొంచెం ఆగండి.

బ్యాటరీని బయట ఛార్జి చేయాలంటే, దాని మీద రాసిన ఆంపియర్–అవర్ అంకెలో పదో వంతు కరెంటు ఇవ్వాలి. 5 ఆంపియర్–అవర్ బ్యాటరీకి అర ఆంపియరు చాలు. కారు బ్యాటరీలకు ఇచ్చే కరెంటుతో త్వరగా ఛార్జి చేస్తే చిన్న బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది.

14.8 ఛార్జింగ్‌ను పరీక్షించడం

చాలామంది వదిలేసే పరీక్ష ఇదే. ఇంజన్ నడిచేటప్పుడు మాగ్నెటో కరెంటు పుట్టిస్తుంది. రెగ్యులేటర్–రెక్టిఫయర్ దాన్ని డి.సి.గా మార్చి, హద్దులో ఉంచి బ్యాటరీకి పంపుతుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొంచెం పెంచి బ్యాటరీ వద్ద వోల్టేజి కొలవండి.

13.5 నుంచి 14.5 మధ్య ఉంటే – ఛార్జింగ్ సరిగా ఉంది.
12.5 దగ్గరే ఉండి పెరగకపోతే – బ్యాటరీకి ఛార్జి అందడం లేదు.
15 దాటితే – రెగ్యులేటర్ పాడైంది. బ్యాటరీలో నీరు త్వరగా ఇంకిపోతుంది, బల్బులు కాలిపోతాయి.

ఇప్పుడు మన ఉదాహరణకు తిరిగి వద్దాం. మెకానిక్ సీటు తీసి చూశాడు. టెర్మినల్ నిండా తెల్లటి పొడి ఉంది. శుభ్రం చేసి బిగించాడు. బ్యాటరీ వద్ద 12.1 వోల్టులు ఉంది. కిక్ కొడితే ఇంజన్ అందుకుంది. యువకుడు సంతోషించి బయలుదేరబోయాడు. మెకానిక్ ఆపి, ఇంజన్ నడుస్తుండగా మళ్ళీ కొలిచాడు. 12.2 దగ్గరే ఆగిపోయింది. రెగ్యులేటర్ కప్లర్ విప్పి చూస్తే ఒక పిన్ను వదులై, వేడికి నల్లబడి ఉంది. పిన్ను మార్చిన తర్వాత 14.1 వోల్టులు వచ్చింది.

“బ్యాటరీది తప్పు కాదు తమ్మీ. దానికి తిండి అందుతలేదు. కొత్తది వేస్తే అది గూడ వారంల ఇట్లనే పండుకునేది. గీ బ్యాటరీని ఇయ్యాల రాత్రి ఛార్జింగ్ పెట్టిస్తా, పొద్దున వచ్చి తీసుకో.”

టెర్మినల్ శుభ్రం చేయగానే బండి స్టార్ట్ అయింది. అక్కడే ఆగి ఉంటే అసలు లోపం దొరికేది కాదు. బండి స్టార్ట్ కావడం వేరు, లోపం తీరడం వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఛార్జింగ్ బాగున్నా బ్యాటరీ తరచుగా దిగిపోతుంటే వాడే తీరును గమనించండి. కొద్ది దూరానికే బండి ఆపి, మళ్ళీ సెల్ఫ్ నొక్కుతూ పోతే, సెల్ఫ్ తీసుకున్న ఛార్జిని తిరిగి నింపే వ్యవధి ఇంజన్‌కు ఉండదు. అలాంటి వారు కిక్ ఉంటే ఉదయం మొదటిసారి కిక్‌తోనే స్టార్ట్ చేయడం మంచిది. అదనంగా పెట్టించిన హారన్లు, లైట్లు కూడా బ్యాటరీకి భారమే.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
4. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ వద్ద ఎన్ని వోల్టులు ఉండాలి?
5. 9 ఆంపియర్–అవర్ బ్యాటరీని ఎంత కరెంటుతో ఛార్జి చేయాలి?
6. మోటారు తిరుగుతున్నా ఇంజన్ తిరగకపోతే లోపం ఎక్కడ?

14.9 బ్యాటరీ బాగుంది, ఇంజన్ అందుకోవడం లేదు

ఇంజన్ నడవడానికి మూడు కావాలి: పెట్రోలు–గాలి మిశ్రమం, సరైన సమయానికి నిప్పురవ్వ, తగిన కంప్రెషన్. ఈ వరుసలో చూడండి.

పెట్రోలు: ట్యాంకులో పెట్రోలు ఉందా? పాత బండి అయితే పెట్రోలు కాక్ తెరిచి ఉందా? చల్లటి ఉదయం చోక్ వేశారా?

నిప్పురవ్వ: ప్లగ్గు విప్పండి. నల్లటి మసి ఉంటే శుభ్రం చేయండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ చేరిందని అర్థం; ఆరబెట్టండి. కార్బురేటర్ బండి అయితే ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని లోహ భాగాన్ని ఇంజన్‌కు తాకించి కిక్ కొట్టండి. నీలి రంగు నిప్పురవ్వ రావాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గరలో పెట్రోలు ఆవిరి ఉండకూడదు.

కంప్రెషన్: కిక్ ఎదురుతన్నకుండా మరీ తేలికగా దిగిపోతుంటే వాల్వులు, పిస్టన్ రింగులు చూపించాలి. ఇది వర్క్‌షాపు పని.

ఇక్కడ పాత, కొత్త బండ్ల తేడా తెలుసుకోవాలి. అనేక పాత 100 సి.సి. బండ్లలో నిప్పురవ్వకు కావలసిన కరెంటు మాగ్నెటో నుంచే వచ్చేది. బ్యాటరీ పూర్తిగా పోయినా కిక్ కొడితే బండి నడిచేది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్–6 నిబంధనలు అమలులోకి వచ్చిన తర్వాత చాలా బండ్లలో కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇందులో పెట్రోలు పంపు, కంట్రోల్ యూనిట్ కరెంటుతోనే పనిచేస్తాయి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఇలాంటి బండ్లలో చాలావాటిని నెట్టి స్టార్ట్ చేయడం కష్టం. కాబట్టి “బ్యాటరీ లేకున్నా నడుస్తుంది” అన్న పాత అలవాటు కొత్త బండికి పనికిరాదు.

14.10 వరద నీటిలో మునిగిన బండి

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి తాపీ నదిలోకి భారీగా నీరు విడుదల కావడంతో సూరత్ నగరంలో అధిక భాగం మునిగిపోయింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచెత్తింది. ఇలాంటి సమయాల్లో నీరు తీయగానే ఆత్రంగా సెల్ఫ్ నొక్కడం పెద్ద పొరపాటు.

గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండర్‌లో నీరు ఉండగా ఇంజన్‌ను తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నీటిలో మునిగిన బండికి తాళం కూడా తిప్పకండి. ముందు బ్యాటరీ రుణ తీగ విప్పండి. ప్లగ్గు తీసి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి నీరు బయటకు పంపాలి. ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే అందులో నీరు కలిసింది, పూర్తిగా మార్చాలి. ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు, వైరింగ్ కప్లర్లు శుభ్రం చేసి ఆరబెట్టిన తర్వాతే బ్యాటరీ కలపాలి.

14.11 జాగ్రత్తలు

• బ్యాటరీ విప్పేటప్పుడు ముందు రుణ తీగ, తర్వాత ధన తీగ. బిగించేటప్పుడు ముందు ధన తీగ, తర్వాత రుణ తీగ. ఇలా చేస్తే ధన టెర్మినల్ దగ్గర స్పానర్ ఛాసిస్‌కు తగిలినా షార్ట్ కాదు.
• ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దానికి మండే గుణం ఉంది. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. గాలి ఆడే చోట ఛార్జి చేయాలి.
• మూతలున్న బ్యాటరీలో నీటి మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీరు, యాసిడ్ పోయకూడదు. సీలు చేసిన బ్యాటరీని తెరవకూడదు.
• యాసిడ్ చర్మం మీద, కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే తప్పక వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.
• పాత బ్యాటరీని చెత్తలో పారేయకూడదు, ఇంట్లో పగలగొట్టకూడదు. సీసం పిల్లల ఆరోగ్యానికి ఎంతో హానికరం. కొత్త బ్యాటరీ కొన్న దుకాణంలో పాతది ఇచ్చేయండి.

14.12 చేసి చూడండి

మీ బండి లేదా తెలిసినవారి బండి బ్యాటరీ వద్ద మూడు అంకెలు కొలిచి, తేదీతో పుస్తకంలో రాయండి: (1) ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, (2) సెల్ఫ్ నొక్కినప్పుడు, (3) ఇంజన్ నడిచేటప్పుడు. నెలకొకసారి ఇలా రాస్తే బ్యాటరీ బలహీనపడటం ముందుగానే తెలుస్తుంది.

14.13 మీరేం నేర్చుకున్నారు?

• సెల్ఫ్ తిరగకపోయినంత మాత్రాన బ్యాటరీ పోయినట్లు కాదు.
• శబ్దం, లైటు వెలుగు – ఈ రెండూ లోపం ఉన్న చోటును సూచిస్తాయి.
• టెర్మినళ్ళు, ఫ్యూజు, స్విచ్‌లు ముందు. వోల్టేజి పరీక్షలు తర్వాత. భాగాలు మార్చడం చివర.
• ఛార్జింగ్ పరీక్షించకుండా కొత్త బ్యాటరీ వేయకూడదు.

14.14 పాఠాంత ప్రశ్నలు

1. లైటు బాగా వెలిగినా సెల్ఫ్ తిరగకపోవడానికి కారణాన్ని లెక్కతో వివరించండి.
2. ఒక బండికి గత రెండు నెలల్లో రెండుసార్లు కొత్త బ్యాటరీ వేశారు. మళ్ళీ అదే లోపం వచ్చింది. మీరు ఏ పరీక్ష చేస్తారు? ఎందుకు?
3. నీటిలో మునిగిన బండికి వెంటనే సెల్ఫ్ ఎందుకు నొక్కకూడదు?

14.15 ‘మీ ప్రగతిని తెలుసుకోండి’ ప్రశ్నలకు జవాబులు

1. ఆరు. 2. ఛార్జి తగ్గిన బ్యాటరీ పలకల మీద సీసం సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారడం. 3. స్టార్టర్ రిలే. 4. 13.5 నుంచి 14.5 వోల్టులు. 5. 0.9 ఆంపియరు. 6. స్టార్టర్ క్లచ్‌లో.